దూప

మా జగిత్యాల వైపు దాహాన్ని దూప అంటారు. కోస్తా పాఠకులకు ఈ మాట కొత్త కావచ్చును. కోరుట్ల సంతలోనో సిరిసిల్ల బస్టాండులోనో ‘దాహంగా ఉంది’ అని చూడండి. నీళ్ళు ఇస్తారు గాని, ఎవరో పొరుగు జిల్లా పెద్దమనిషి అనుకుంటారు. ‘దూపయితున్నది, జెర నీళ్ళియ్యమ్మా’ అంటే ఇంటి మనిషికి ఇచ్చినట్టు చెంబు చేతికి వస్తుంది.

ఈ ప్రాంతపు క్రైస్తవ కుటుంబాలలో నాకు ముచ్చట గొలిపే వింత ఒకటి ఉన్నది. ఇంట్లో ఉన్నంతసేపూ వారిది దూపే. గుడిలో మోకరించగానే అది దాహమో, దప్పికో అయిపోతుంది. తెలుగు బైబిలు గ్రాంథికంలో ఉండడమే దీనికి కారణం. గ్రాంథికం కావాలని కొందరు, వ్యావహారికం కావాలని కొందరు పండితులు పోట్లాడుకొన్న రోజులు పోయి వందేళ్ళు కావస్తున్నది. ఇప్పుడు తరగతిలో ‘చేయుదును, పోవుదును’ అంటే పిల్లలు నవ్వుతారు. కాని ఆ భాషను వారం వారం నోట పలుకుతూ, అందులోనే ఏడుస్తూ, అందులోనే వేడుకొంటూ బతికించుకొన్నవారు ఎవరంటే, తరతరాలుగా బడి గడప తొక్కనివ్వని వాడల నుంచి వచ్చిన ఈ జనమే. చిన్నయసూరి వింటే ఏమనేవాడో!

ఒకసారి ఒక పల్లెలో శ్రమల కాలపు ఉపవాస ప్రార్థనకు వెళ్ళాను. ఒక ముసలామె లేచి ప్రార్థన మొదలుపెట్టింది. నిండైన గ్రాంథికంలో నాలుగు వాక్యాలు తడుముకోకుండా నడిపింది. అయిదవ వాక్యం దగ్గర గొంతు పట్టుకున్నది. ‘నా పానానికి దూపయితున్నదయ్యా’ అన్నది. ఆపైన మాట రాలేదు. ఆ నలభై రోజులలో నేను విన్న ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు.

ఈ శ్రమల కాలం సంగతి ఎరగని పాఠకులకు రెండు మాటలు. ఈస్టరు పండుగకు ముందు వచ్చే నలభై రోజుల దీక్ష ఇది. భస్మ బుధవారంతో మొదలవుతుంది. కిందటి ఏడు మట్టల ఆదివారంనాడు పట్టుకొన్న ఆకులను కాల్చి, ఆ బూడిదతో నుదుట సిలువ గుర్తు వేస్తారు. లెక్క చూస్తే ఈస్టరు ముందురోజు దాకా నలభై ఆరు రోజులు వస్తాయి గాని, మధ్యలోని ఆరు ఆదివారాలూ పండుగ దినాలే గనుక దీక్షలో చేరవు. యేసు అరణ్యంలో నలభై రోజులు ఉపవాసం ఉన్నాడు కదా, దానికి జ్ఞాపకం. క్రీ.శ. 325లో జరిగిన నైసియా మహాసభ తీర్మానాలలోనే ఈ నలభై రోజుల ప్రస్తావన కనిపిస్తుంది. ఆ తొలి శతాబ్దులలో, ఈస్టరు రాత్రి బాప్తిస్మం పొందబోయేవారిని సిద్ధపరచే కాలం కూడా ఇదే. దారి పొడుగునా ఎండ, చివరకు నీళ్ళు అన్నమాట. మా కరీంనగర్ ప్రాంతంలో 19వ శతాబ్ది చివరి భాగంలో వెస్లియన్ మెథడిస్టు మిషనరీలు పనిచేశారు. వారి సంఘాలు 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయాయి. ఆ సంఘంవారూ కాథలిక్కులూ ఈ దీక్షను ఏటేటా పాటిస్తారు.

ఇంగ్లీషులో దీనికి లెంట్ అని పేరు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు వసంత రుతువు అని అర్థం. చలిదేశంవారికి అది పగలు పొడుగై మంచు కరిగే కాలం. మనకో? గుట్టల మీద మోదుగులు నిప్పులు రాజేసినట్టు పూచి, బావుల్లో నీళ్ళు మెట్టు మెట్టుగా దిగిపోయే కాలం. అందుకే తెలుగు కాథలిక్కులు పెట్టుకొన్న ‘తపస్సు కాలం’ అన్న పేరు నాకు అసలు పేరుకన్నా బాగున్నదనిపిస్తుంది. తపస్సు అన్నది ‘తప్’ ధాతువు నుంచి వచ్చింది. కాగడం అని అర్థం. దాహం ‘దహ్’ నుంచి వచ్చింది, కాలడం. ఎండకు వచ్చే తాపమూ, మనసుకు పట్టే తపనా, ఆత్మ చేసే తపస్సూ ఒకే పొయ్యి మీదివి. ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం నా తరగతిలో పిల్లలు నవ్వరు.

ఉపవాసానికి మా వైపు మాట ‘ఒక్కపొద్దు’. పొద్దంతటిలో ఒకే పూట తినడం. సోమవారం ఒక్కపొద్దు, శనివారం ఒక్కపొద్దు అంటూ అన్ని కులాల ఇళ్ళలోనూ వినిపించే మాటే. క్రైస్తవులు బోధకుల దగ్గర ఉపవాసం అంటారు గాని, ఇరుగుపొరుగు అడిగితే ‘ఒక్కపొద్దున్న’ అనే చెబుతారు. 2025లో ఒక ముచ్చట జరిగింది. ఫిబ్రవరి 26న మహాశివరాత్రి, మార్చి 2న మొదటి రోజా, మార్చి 5న భస్మ బుధవారం. వారం తిరిగేలోగా మూడు మతాలవారూ కడుపు మాడ్చుకొన్నారు. జగిత్యాలలో, కోరుట్లలో ముస్లిముల ఇళ్ళు తక్కువేమీ కావు. హలీం బట్టీల పక్కనుంచే శ్రమల కాలపు కూటాలకు నడిచివెళ్ళాము.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అనగానే గల్ఫు గుర్తుకు రాకుండా ఉండదు. ఇంటికొకరు కాకపోయినా వాడకు కొందరు అక్కడ ఉన్నవారే. నా దగ్గర చదువుకొన్న ఒక క్రైస్తవ కుర్రవాడు ఆ ఏడు అక్కడి లేబర్ క్యాంపులో ఉన్నాడు. గదిలో మంచం పక్క మంచం కోరుట్ల సాయెబులది. సాయెబు రోజా, ఇతడు ఒక్కపొద్దు. ‘సార్, ఆయనకు బాంగు వినిపించేదాక నేను గూడ ఆగేది. ఖర్జూరం రెండు ముక్కలు చేసి ఒకటి నాకిచ్చేది’ అని ఫోనులో చెప్పాడు. నీళ్ళు కూడా ముట్టకుండా ఉండే రోజా ముందు తన ఒక్కపొద్దు చిన్నదని వాడికి మొదటి రోజే తెలిసిపోయిందట. ‘గా దూప చూసినంక, ప్రార్థనల ఉత్తగనే దాహము దాహము అనుడు బందువెట్టిన’ అన్నాడు. ఎడారిలో కూర్చొని చెప్పిన మాట గనుక కొట్టివేయలేకపోయాను.

నిజం చెప్పాలంటే మన ఊళ్ళలో ఈ నలభై రోజులు ఇప్పుడు ఒక సభల సీజను అయిపోయింది. కూడలి కూడలికీ ఫ్లెక్సీలు, వాటి మీద వక్తల నిలువెత్తు బొమ్మలు, రాత్రి పదింటిదాకా మైకులు. ‘నీ దాహం ఈ రాత్రే తీరును’ అని హామీ ఇచ్చే ప్రసంగీకులను విన్నాను. బైబిలు కీర్తనలలో 42వది ఉన్నది. నీటివాగు కోసం అలమటించే దుప్పితో ఒక భక్తుడు తన ప్రాణాన్ని పోల్చుకొన్న కీర్తన. ఆ కీర్తన చివరికంటా చదివినా దుప్పి నీళ్ళు తాగినట్టు కనబడదు. నిరీక్షించమని తన ప్రాణానికి తానే చెప్పుకొని భక్తుడు ఊరుకుంటాడు. మన ప్రసంగీకులకు అంత ఓపిక లేదు.

ఇక ఈ కాలమంతటికీ నడిమి స్తంభంలాంటి కథ ఒకటి ఉన్నది. యోహాను సువార్త నాలుగవ అధ్యాయంలోని సమరయ స్త్రీ కథ. కాథలిక్కుల పాఠాల వరసలో మూడేళ్ళకొకసారి తపస్సు కాలపు మూడవ ఆదివారానికి ఇది వస్తుంది. బాప్తిస్మానికి సిద్ధపడేవారు ఉన్నచోట ఏ ఏడయినా చదువుకోవచ్చును. మిట్టమధ్యాహ్నం. యేసు నడిచి నడిచి అలసి యాకోబు బావి దగ్గర కూర్చున్నాడు. ఒక స్త్రీ కడవతో వచ్చింది. యూదులు సమరయులతో కలవరు. వారి పాత్ర ముట్టరు. అటువంటివాడు ఆమెను తాగడానికి నీళ్ళు అడిగాడు. నువ్వు నన్ను ఎట్లా అడుగుతున్నావని ఆమె నివ్వెరపోయింది. అక్కణ్ణుంచి మాటమీద మాట సాగి, ఎన్నటికీ దప్పిగొనని నీటి దాకా వెళుతుంది సంభాషణ.

ఈ కథ చెప్పేటప్పుడు ఆమెకు అయిదుగురు భర్తలు అన్న సంగతిని పట్టుకొని, గంటసేపు ఆమె నడతను చెరిగి పోసేవారు ఉన్నారు. ఆ కాలంలో విడాకులు సాధారణంగా మగవాడి చేతిలోని పని. చచ్చిపోయినవారు ఎందరో, వదిలేసినవారు ఎందరో కథలో లేదు. యేసు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. ఎండవేళ ఒంటరిగా బావికి వచ్చిందంటే నడత చెడ్డదై ఉంటుందని మరొక వ్యాఖ్యానం. మా నాయనమ్మకు ఈ వ్యాఖ్యానం అక్కరలేకపోయింది. ‘అందరు తోడుకపోయినంకనే గదా మనం పోయేది’ అనేది. ఆ కథ ఆమెకు వేరే దేశపుది కాదు.

ఆమె చిన్ననాడు ఊరి బావి దగ్గర పద్ధతి ఇది. గిరక ముట్టరాదు, చేంతాడు ముట్టరాదు. గద్దెకు దూరంగా కడవ పెట్టుకొని కూర్చోవాలి. నీళ్ళకు వచ్చినవారిలో ఎవరికైనా దయ కలిగితే ఒక బొక్కెన తోడి పైనుంచి పోస్తారు. దూపయితే దోసిలి పట్టాలి. మోచేతుల మీదుగా కారిపోయినంత కారిపోగా మిగిలినది తాగాలి. వాడలో వేరే బావి ఉండేదట గాని, మాఘం దాటితే అది అడుగంటేది. పొద్దున వెళ్ళి కూర్చొన్నవాళ్ళు ఒక్కొక్కనాడు మిట్టమధ్యాహ్నందాకా అక్కడే.

1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహద్ పట్టణంలో డాక్టర్ అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకొని వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగారు. ఒక చెరువు నీళ్ళు తాగడం చరిత్ర అయిన రోజు అది. ఏ పంచాంగకర్తా తలపెట్టలేదు గాని, ఆ రోజు ఆదివారం. ఆ ఏటి శ్రమల కాలంలో మూడవ ఆదివారం. 1950లో వచ్చిన రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరంగా చేస్తూ చట్టం వచ్చింది. మా నాయనమ్మ ఊరి బావిదాకా ఆ చట్టం నడిచి రావడానికి మరికొన్ని ఏళ్ళు పట్టింది.

కనుక ఈ కథలో మా వాళ్ళకు ముందు కనబడింది జీవజలం కాదు. జీవజలం ఇస్తానన్నవాడు ముందు నీళ్ళు అడగడం. అది కూడా ఎవరి చేతి నీళ్ళు ఎవరూ తాగరో ఆ చేతిని అడగడం. దేవుడు ఇస్తాడని అన్ని మతాలూ చెబుతాయి. ఇయ్యగలిగినవాడు చెయ్యి చాచడం అన్నది మరొక మాట. తెలుగువారికి ఇది బొత్తిగా తెలియనిదీ కాదు. ధూర్జటి శ్రీకాళహస్తి మాహాత్మ్యంలోని తిన్నడు అనే బోయ, శివుడికి అభిషేకం చెయ్యడానికి నీళ్ళు పుక్కిట పట్టి తెచ్చాడు. పూజారి దిగ్భ్రమ చెందాడు గాని శివుడికి రోత కలగలేదు. ధూర్జటి తరవాత నాలుగు వందల ఏళ్ళకు గుర్రం జాషువ 1941లో గబ్బిలం వ్రాశాడు. అందులోని అరుంధతీ సుతుడు తన గోడు కాశీ విశ్వేశ్వరునికి చెప్పుమని గబ్బిలంతో కబురు పంపుతాడు. గుడిలోకి గబ్బిలానికి ప్రవేశం ఉన్నది, అతనికి లేదు. భగవంతుడి కోసం పడే దప్పికకు ఇంతకన్నా చేదయిన కావ్యం తెలుగులో లేదని నా అభిప్రాయం. క్రీస్తు చరిత్రకు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందినవాడూ ఈ జాషువయే.

జీవజలం అన్న మాటను గురించి ఒక విశేషం చెప్పాలి. హీబ్రూ వాడుకలో ‘బతికిన నీళ్ళు’ అంటే ఊరే నీళ్ళు, పారే నీళ్ళు. తొట్టిలో నిలవచేసిన వాన నీళ్ళు బతికినవి కావు. యోహాను సువార్త గ్రీకు మూలంలో బావికి రెండు మాటలు వస్తాయి. ఒకటి ఊటకు చెప్పే మాట, ఒకటి తవ్విన గోతికి చెప్పే మాట. ఆమె తన బావి లోతును గురించి మాట్లాడినప్పుడు తవ్విన బావి. యేసు తాను ఇచ్చే నీటిని గురించి మాట్లాడినప్పుడు ఊట. ఆ బావి నేటికీ పాలస్తీనాలోని నాబ్లస్ పట్టణం దగ్గర ఉన్నది. లోతు సుమారు నలభై మీటర్లు. ఇప్పుడు దాని మీద గ్రీకు ఆర్థడాక్సు దేవాలయం ఉన్నది.

ఊటకూ నిలవకూ తేడా సిరిసిల్లవారికి చెప్పనక్కరలేదు. మానేరు ఎండిన రోజుల్లో ఆడవాళ్ళు ఇసకలో చెలిమె తీసేవారు. రెండు చేతులతో ఇసక తోడుతూ పోతే మొదట తడి తగులుతుంది, తరవాత బురద, ఇంకా ఓపిక పడితే చిన్నగా నీరు ఊరుతుంది. తొందరపడి చెంబు ముంచితే ఇసకే వస్తుంది. ఊరేదాకా కూర్చోవాలి. ఒకరు తోడుకొన్నాక ఇంకొకరు కూర్చోవాలి. శ్రీరామసాగర్ కాలువలు, మధ్య మానేరు జలాశయం వచ్చాక ఈ కాలపు పిల్లలకు చెలిమె అంటే నిఘంటువు చూడవలసిన మాట అయిపోయింది. అది మంచిదే, ఇసక తోడుకొనే బతుకు తిరిగి రావాలని ఎవరూ కోరుకోరు. కాని ఉపవాసం అంటే ఏమిటని ఎవరైనా అడిగినప్పుడు నాకు ఆ చెలిమె దగ్గర కూర్చొన్న మనిషే కనబడుతుంది. కడుపు మాడ్చుకొన్నందుకు దేవుడు కూలి ఇస్తాడని కాదు. పైన పేరుకొన్న ఇసకను తోడుకొని, ఊరేదాకా ఊరకే ఉండడం. ఉపవాసం అన్న మాటకు దగ్గర వసించడం అని కదా వ్యుత్పత్తి.

తిరిగి ఆ కథలోకి వస్తే, నేను చాలాసార్లు చదివినా చాలాకాలం గమనించని సంగతి ఒకటి ఉన్నది. యేసు నీళ్ళు అడిగాడు. తాగినట్టు మాత్రం ఎక్కడా లేదు. ఆమె కడవ అక్కడే వదిలి ఊళ్ళోకి పరుగెత్తింది. మళ్ళీ ఇదే సువార్త పందొమ్మిదవ అధ్యాయంలో, సిలువ మీద ఆయన దాహమని చెబుతాడు. నాలుగు సువార్తలలో ఆ మాట వ్రాసినవాడు యోహాను ఒక్కడే. బావి దగ్గర వేళ మధ్యాహ్నం. పిలాతు ఆయనను సిలువకు అప్పగించినప్పుడూ దాదాపు అదే వేళ. సువార్తికుడు కావాలని ముడి వేశాడో లేదో పండితులు తేల్చుకోవాలి. చదివేవారికి మాత్రం, బావి దగ్గర మొదలైన దూప సిలువదాకా తీరనే లేదనిపిస్తుంది.

మంచి శుక్రవారంనాడు పన్నెండింటి నుంచి మూడింటిదాకా మన గుళ్ళలో సిలువ మీది ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. అయిదవది ఈ దాహపు మాట. ఏప్రిల్ ఎండలో, నిండిపోయిన గుడిలో, నీళ్ళు ముట్టకుండా కూర్చొన్న జనానికి ఆ మాట వచ్చేసరికి వ్యాఖ్యానం అవసరం ఉండదు. అయినా అయిదవ వక్త ఇరవై నిమిషాలూ వాడుకుంటాడు. మదర్ తెరీసా 1946 సెప్టెంబరు 10న డార్జిలింగు రైలులో తనకు పిలుపు అందిందని చెప్పుకొన్నారు. ఆమె స్థాపించిన మఠాలలో ప్రార్థన గది గోడమీద సిలువ పక్కన ఈ దాహపు మాటే వ్రాసి ఉంటుంది. ఆ మాట చదువుకొని వారు బయటికి వెళ్ళి మురికివాడలో నీళ్ళు పట్టేవారు. దేవుడి దూప తీర్చే చోటు అది అని వారి లెక్క.

ఆ శుక్రవారానికి ముందు గురువారం రాత్రి ప్రభు భోజన సంస్కారం ఉంటుంది. మా సంఘాలలో ఆనవాయితీగా ఒకే గిన్నె. బోధకుడు వరసగా మోకరించినవారి పెదవులకు అందిస్తూ, అంచు గుడ్డతో తుడుస్తూ వెళతాడు. 2020లో కరోనా వచ్చిన తరవాత చాలాచోట్ల మనిషికొక చిన్న కప్పు పెట్టారు. ఆరోగ్యానికి మంచిదే, నేనూ అందులోనే తీసుకుంటున్నాను. వెనకటి పెద్దలు కొందరు మాత్రం ఆ చిన్న కప్పును చూసి మొహం తిప్పుకోవడం చూశాను. ఊరి హోటళ్ళలో తమకు వేరే గ్లాసు పెట్టిన కాలం చూసినవారు వాళ్ళు. క్రైస్తవులయినంత మాత్రాన కులం పోలేదని వారికీ తెలుసు. గుడిలోనే మాలలొక పక్క, మాదిగలొక పక్క కూర్చొన్న రోజులు ఉన్నాయి. అయినా గిన్నె ఒకటే.

మా నాయనమ్మ మొదటిసారి ఆ గిన్నె ముట్టింది పెళ్ళయిన కొత్తలో, ఒక శ్రమల కాలం చివరనే. ఎప్పుడు అడిగినా ఆమె దాని రుచి చెప్పేది కాదు, తనకు ఎంత ఆనందం కలిగిందో చెప్పేది కాదు. తనకు ముందు ఎవరు తాగారో కూడా గుర్తులేదు. ఒక్కటే చెప్పేది. ‘నా ఎనుక పట్నం నుంచొచ్చిన నర్సమ్మ కూసున్నది కొడుకా, తెల్లచీర. నేను తాగినంక అయ్యగారు గా గిన్నె ఆమెకు వెట్టిండు. నేను ఓరకంట చూస్తనే ఉన్న. తాగింది. మూతి తుడుసుకోలే.’